కుదువపెట్టిన లాప్‌టాప్

గద్వాల
24 ఆగస్టు 2025, ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. మన రిపేరు షాపు గడప మీది రక్తం బ్లీచింగ్ పొడి వేసి కడిగాను.

చిరంజీవి రేణుకకు నాన్న దీవెనలు. ఆ రక్తం నాది కాదు, భయపడకు. అమ్మ బాగుంది. నిన్న సాయంత్రం వనపర్తి బస్సు ఎక్కించాను, కొన్నాళ్ళు చిన్నమ్మ ఇంట్లో ఉంటుంది. నీవు హాస్టల్లో వేళకు తింటున్నావని తలుస్తాను. ఇదంతా ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఉత్తరం.

కుట్టు మిషన్ బాగయిందా అని అడిగావు. అయింది. మీ సీనియర్ అరవై వేలకు కొన్న లాప్‌టాప్ ఇప్పుడు ముప్పైకి ఎందుకు వస్తున్నది, ఆగితే ఇంకా తగ్గుతుందా అనీ అడిగావు. మన పత్తి విత్తనం చేలల్లో కొత్త కూలీని గుర్తు తెచ్చుకో. పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ చేయమంటే మొదటి ఏడు సగం మొగ్గలు విరుస్తాడు. మూడో ఏటికి అదే చేయి అదే పొద్దులో రెండింతలు చేస్తుంది. చిప్పులు చేసే ఫ్యాక్టరీ కూడా అంతే. మొదట్లో చాలా చెడిపోతాయి, ఆ నష్టం మంచివాటి ధర మీద పడుతుంది. చేయి తిరిగాక చెడేవి తగ్గుతాయి. యంత్రాల ఖర్చు ముందు కొన్నవాళ్ళ దగ్గరే చాలావరకు రాబట్టుకుంటారు. ఈలోపు ఇంకొకడు అదే ధరకు ఇంకా వేగమైనది తెస్తాడు, పాతదాన్ని తగ్గించి అమ్మక తప్పదు. వాడినా, మూట కట్టి దాచినా దానికి వయసు వస్తుంది. మెమరీకి కొరత వస్తే ఒక్కోసారి ధర పైకి కూడా పోతుంది. అందుకని ఆగకు. పని పడిన రోజు కొనుక్కో.

శుక్రవారం నాడు షాపులో నేను చెప్పింది కూడా ఇదే.

లింగయ్య సేటు నీకు తెలుసు, రైతులకు విత్తనాల అడ్వాన్సులు ఇస్తాడు. బంగారం లేనివాళ్ళ దగ్గర ఏది ఉంటే అది కుదువ పట్టుకుని, ఎర్ర గుడ్డలో మూట కట్టి, బొట్టు పెట్టి బీరువాలో దాస్తాడు. మూట మళ్ళీ విప్పేది తనూ, కుదువ పెట్టినవాడూ ఇద్దరూ ఉన్నప్పుడే. మూడేళ్ళ కింద వెంకటయ్య అనే రైతు తన బిడ్డకు కొన్న కొత్త లాప్‌టాప్ అట్లా పెట్టాడు. ఈసారి పంట పోయింది, బాకీ కింద అదే ఉంచుకో అన్నాడు. సేటు దాన్ని అమ్మడానికి నా షాపుకు తెచ్చాడు. వెంట వెంకటయ్య, కారు డ్రైవర్ ఉన్నారు.

మూట విప్పితే బ్యాటరీ ఉబ్బి కీబోర్డును పైకి తోసింది. అడుగు మూత తీసి చూసి, బ్యాటరీ మారిస్తే ఎనిమిది వేలు వస్తాయన్నాను.

"బంగారం పెరిగె, భూమి పెరిగె, బర్రె గూడ పెరిగె," అన్నాడు సేటు. "ముట్టని సామాను ఎట్ల తగ్గుతది? లోపలి సరుకు తీసి ఇచ్చిండు ఈడు."

"నాకు ఆన్ చేసుడే రాదు సేటు," అన్నాడు వెంకటయ్య. "లోపల ఏముంటదో నాకేం ఎరుక?"

"ఆన్ చేసుడు రాదు గానీ, అడ్వాన్సుకు చెయ్యి చాపుడు మంచిగ వచ్చె."

సేటు చార్జర్ వైరు మడిచి వెంకటయ్య మొహం మీద కొట్టాడు. ఆగలేదు. పెదవి చీలి పన్ను కనిపించింది. వెంకటయ్య గడప మీద పడి లేవబోయి కుడి చేయి ఆనించాడు. డ్రైవర్ షట్టర్‌ను రెండు చేతులా పట్టి ఆ చేతి మీదికి దించాడు. వేళ్ళు విరిగిన చప్పుడు విన్నాను. రెండోసారి కూడా దించాడు. కర్నూలు పెద్ద దవాఖానలో బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. మొగ్గ పట్టేది ఆ రెండు వేళ్ళతోనే.

అమ్మకు ఇంతవరకే చెప్పాను. షట్టర్ పడకముందు ఇంకొకటి జరిగింది. డ్రైవర్ నా తల బల్లకు అదిమి, వేడి మీదున్న సోల్డరింగ్ ఐరన్ తీసి చెంప మీద పెట్టాడు. తోలు కాలింది, అమ్మకు పనిలో కాలిందని చెప్పాను. తర్వాత మొన కంటి దగ్గరికి తెచ్చాడు. "చెప్పు, ఈడు తీసిండా లేదా?"

విప్పితే చెదిరేలా కంపెనీ వేసిన రంగు చుక్క లోపల ఏ స్క్రూ మీదా చెదరలేదు. నేను నా కళ్ళతో చూశాను. అయినా "తీసిండు" అన్నాను.

నేను ఆ మాట అన్నాకే షట్టర్ దించారు బిడ్డా.

షట్టర్ జారి పడిందని సేటు పోలీసులకు చెప్పాడు. వెంకటయ్య దొంగ అని ఊళ్ళలో చెప్పిస్తున్నాడు, ఇక కంపెనీల తరఫున రైతులకు విత్తనం పంచే ఏ ఆర్గనైజరూ అతనికి ఇవ్వడు. నిన్న అతని భార్య జంగమ్మ వచ్చింది. నా చెంప మీద కాలిన చోటు చూసి తిట్టకుండా కూర్చుంది. "వేళ్ళు పోయినయ్, పోనీ అన్నా. దొంగ అన్న పేరు పెట్టుకొని నా బిడ్డ కాలేజీకి ఎట్ల పోవాలె?"

ఈ రోజు పొద్దున పదింటికి పోలీస్ స్టేషన్‌కు వస్తానని ఆమెకు చెప్పాను. నేను అన్న మాట, ఎందుకు అన్నానో, అన్నీ చెప్తాను. ఆ గొడవలో వాళ్ళు వదిలిపోయిన లాప్‌టాప్ నా దగ్గరే ఉంది, స్క్రూలు కూడా చూపిస్తాను. నీవు మాత్రం నేను రమ్మనేదాకా గద్వాలకు రాకు. నా ఫోన్ మోగకపోతే చిన్నమ్మకు చెయ్యి.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న

కవరు అతికించబోతుంటే జంగమ్మ వచ్చింది. ఎదురుగా సేటు కారు ఆగి ఉంది, ఇంజన్ ఆపలేదు. "ఆల్ల దిక్కు చూడకు. నా వెనకనే రా అన్నా," అంటున్నది. లాప్‌టాప్ సంచిలో పెట్టాను. కరెంటు మెయిన్ ఆపి, బల్ల మీది సోల్డరింగ్ ఐరన్ కూడా అందులో వేశాను. షట్టర్ దించి ఆమె వెనకనే స్టేషన్‌కు పోతున్నాను, ఈ కవరు దారిలో పోస్టు డబ్బాలో వేస్తాను.