అన్న ఆగిన చోటు

శనివారం, రాత్రి

అన్న పోయి రేపటికి ఏడాది. బడిరోజుల్లో తను ఆడిన వీడియో గేమ్‌ను కొత్త టీవీలో పెట్టి అమ్మకు చూపించాలనుకున్నాను. "ఫోన్లనే దొరుకుతది కదనే, ఆ పాత డబ్బతోని ఎందుకు పరేషాన్?" అంది ఆఫీసులో స్వాతి. ఆట దొరుకుతుంది. అన్న ఆగిన చోటు దొరకదు. అది తన పేరు మీద ఆ గేమ్ క్యాసెట్‌లోనే సేవ్ అయి ఉంది. పాత టీవీ పాడయ్యేదాకా అప్పుడప్పుడూ పెట్టి చూసుకునేదాన్ని. ఆడేదాన్ని కాదు.

కొత్త టీవీకి కలిపేలా చేయమని మాదాపూర్‌లో రిపేర్ షాపు యాదగిరికి డబ్బా, క్యాసెట్టూ ఇచ్చాను. సాయంత్రం వెళ్తే సంబరంగా చెప్పాడు.

"క్యాసెట్ల బిళ్ల బ్యాటరీ వీక్ ఉండె మేడమ్. కొత్తది ఏసిన. ఇగ ఫికర్ లేదు."

సేవ్ అయినదంతా ఆ పాత బ్యాటరీ మీదే బతుకుతోందని, అది తీస్తే చెరిగిపోతుందని నాకు తెలుసు. ఇచ్చేటప్పుడు అతనికి చెప్పలేదు. బ్యాకప్ తీశారా అని ఆఫీసులో అందరినీ సతాయించే నేను, దీన్ని మాత్రం అలాగే చేతిలో పెట్టి వచ్చాను. అతన్నేమనను? థాంక్స్ చెప్పాను.

ఇంటికొచ్చి పెడితే, సేవ్ అయిన ఆటలు కనిపించే మూడు గళ్లూ ఖాళీ.

"వచ్చిందా బిడ్డా? అన్న పేరు కనవడుతుందా?" వంటింట్లోంచి అమ్మ.

గబగబా కొత్త ఆట మొదలుపెట్టి, అన్న పేరు నేనే కొట్టాను.

"గిదిగో అమ్మా."

అమ్మ వచ్చి, దుమ్మేమీ లేకపోయినా, ఆ పేరును కొంగుతో తుడిచింది.

"వాడు వెట్టింది వెట్టినట్టే ఉన్నది," అంది.

రేపు వచ్చిన వాళ్లందరికీ చూపిస్తుందట.