రెండో బేస్ దొంగతనం

ఖైతాన్, కువైట్, ఆదివారం

శ్రీమతి తిరుపాలమ్మ అత్తగారి దివ్య సముఖమునకు,

మేనల్లుడు నాగేంద్రప్రసాద్, బీకాం, నడుము పట్టుకుపోయేంతగా వంగి రాసుకొను క్షమాపణ పత్రం. నేను గొప్పవాణ్ణయిపోయాను. ముందుగా చెప్పకుండా అయిపోయినందుకు నీకూ, రాయచోటి పట్టణ ప్రజలకూ, నేనలా కాకుండా శాయశక్తులా కృషి చేసిన మా లెక్చరర్లకూ క్షమాపణలు.

నీ ఫోను అంట్ల తొట్టిలో పడి చచ్చింది కాబట్టి, నువ్వు వంట చేసే ఇంటి యజమానురాలు, అదే మీరంతా ‘మామా’ అని పిలిచే ఆవిడ, డ్రైవర్ అల్లాబకష్ అన్న చేత ఇది పంపుతున్నాను. మా కంపెనీ ఫిలిప్పీనోల బేస్‌బాల్ జట్టులో నన్ను చేర్చుకున్నారు. ఆడిన రోజు ఓవర్‌టైం రాస్తారు. అంటే నేనిప్పుడు ప్రొఫెషనల్‌ని. మొన్న శుక్రవారం రెండో బేస్ దొంగిలించాను. జనం చప్పట్లు కొట్టారు.

ఇట్లు,
నీ కీర్తిమంతుడు

తా.క. పిచ్చర్ చూస్తుండగానే దొంగిలించాను.

*

ఒరే నాగేంద్రా,

ఆశీర్వాదాలు ఏం లేవు. అమెరికా మిలిట్రీ బేస్‌లో దొంగతనమా? మన గంగాధర ఆ బేస్‌లోనే వంట చేస్తాడు. బయటికి వచ్చేటప్పుడు బూట్లు ఇప్పించి మరీ చూస్తారంట. నువ్వు ఒకటి చాలక రెండో బేస్ కూడా ఎత్తుకొచ్చినావా? యాడ పెట్టినావు? మీ రూములో ఆరుమంది కాళ్లు చాపుకునేదానికే చోటు లేదే!

నీ వీసా కోసం మామా కాళ్లు పట్టుకున్నది నేను. నాలుగేండ్లకి ఇప్పుడు లీవు ఇస్తానంటా ఉంది. మా రమాదేవి బిడ్డను ఇంతవరకు ఎత్తుకోలేదు నేను. నా లీవు పాడైందో, నీ చెవులు మెలిపెట్టి చేతికిస్తా. ఎత్తుకొచ్చింది ఎత్తుకొచ్చిన చోట పెట్టెయ్.

మీ అత్త

తా.క. చప్పట్లు కొట్టినోళ్ల పేర్లు రాయి.
ఇంకో తా.క. పిచ్చోళ్లు చూస్తుండంగా చేసినావంటివే, అదొక్కటే తెలివైన పని. వాళ్ల సాక్ష్యం చెల్లదు.

*

అత్తా,

బీకాం ఫస్ట్ క్లాసు వాణ్ణి పట్టుకుని దొంగంటావా! బేస్ అంటే నేలమీద పరిచే చిన్న సంచి; ఎదుటివాళ్లు ఏమరగానే దాని మీదికి ఉరికి చేరడమే దొంగిలించడం. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు, పిచ్చివాడు కాడు. క్రీడారంగాన్ని ఇంతగా అవమానించిన మనిషి కువైట్‌లో మరొకరు లేరు.

నా విలువ నీకు తెలియకపోయినా జట్టుకు తెలుసు. వచ్చే శుక్రవారం అవసరమైతే జట్టు కోసం నన్ను బలి ఇస్తామని కెప్టెన్ రోడెల్ అందరి ముందూ ప్రకటించాడు. కొత్తవాడికి అంతటి గౌరవం దక్కడం అరుదు.

తీవ్రంగా నొచ్చుకున్న,
నాగేంద్ర

తా.క. బలి అయ్యాక కూడా ఓవర్‌టైం ఇస్తారు.

*

ఒరే అబ్బోడా,

బలేందిరా, బక్రీదు కూడా అయిపాయె కదరా! నేను ఏడ్చుకుంటా మామా కాడికి పోయి నాకొచ్చిన అరబ్బీ అంతా ఒకేసారి చెప్పేసినా. ఆమెకి ఏమీ అర్థం గాలా. అమెరికాలో చదివొచ్చిన ఆమె కొడుకు నీ ఉత్తరం అల్లాబకష్‌తో చదివించుకొని, పడీ పడీ నవ్వినాడు. ఆటలో మాటంట అది, తాను ఔటై తనవాణ్ణి ముందుకు పంపేదాన్ని బలి అంటారంట. ఎంతమందిలో పరువు తీసినావురా!

ఇప్పుడు ఇల్లంతా శుక్రవారం నీ ఆట చూసేదానికి వస్తాంది. మీ వాళ్లు గెలిస్తే ఆ రాత్రే లీవు కాగితం మీద సంతకం పెడతానని మామా పందెం కట్టింది.

మీ అత్త

తా.క. చచ్చేది ఉంటే, సంతకం పడినాక చావు.

*

నాగేంద్రా,

నిన్ను ఏమని పిలవాలో తెలీక పేరుతోనే పిలుస్తాండా. బంతి గోడ దాటె. జనమంతా లేచి నిలబడె. మామా కొడుకు కుర్చీ ఎక్కి ఎగిరినాడు. నువ్వు బ్యాటు పారేసి ఉరికితివి. మొదటి మూల దాటితివి, ఆనక గేటు కూడా దాటితివి! యాడికి పోయినావురా?

నాలుగు మూలలు తిరిగి మొదలుకాడికి రాకపోతే లెక్కలోకి రాదంట. ఓడిపోయిరి. మామా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకొనె. నా మనవరాలు నడక కూడా నేర్చేసుంటది.

ఎవరికీ అత్తను కాని,
తిరుపాలమ్మ

*

అత్తా,

ముందు కోపం తగ్గించుకుని పెట్టె సర్దుకో. నేను నిజం చెబితే, అల్లాబకష్ అన్న దాన్ని మిర్కాబ్ సిగ్నల్ దగ్గర మామాగారికి విన్నవించాడట. ఆవిడ నవ్వి నవ్వి కారు పక్కకు ఆపించారు. "ఆ పిల్లాడు రూముకే అట్లా ఉరికినాడంటే, తిరుపాలమ్మ ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకునింది? ఖలాస్, యల్లా, పంపించేద్దాం" అని కారు బానెట్ మీదే సంతకం పెట్టారు.

ఆ నిజం నీకూ బాకీ ఉన్నాను. రెండో బేస్ దొంగిలించింది రోడెల్. చప్పట్లు కొట్టినవాళ్ల పేర్లు అడిగావు కదా, మొదటి పేరు నాదే. శుక్రవారం దాకా నా క్రీడాజీవితం బెంచీ మీదే సాగింది. ఆ రోజు కూడా నేను కళ్లు మూసుకుంటే బంతే వచ్చి బ్యాటును కొట్టింది.

ఇట్లు,
రిటైరైన క్రీడాకారుడు

తా.క. నేను స్వయంగా చేసింది ఒక్కటే. అందరూ "హోమ్! హోమ్! రన్!" అని అరిచారు. నేను ఖైతాన్ రూముకు పరుగెత్తి, మంచమెక్కి, చప్పట్ల కోసం చూస్తూ కూర్చున్నాను.