కోళ్ల నోటీసు కింద వేలిముద్ర

తమ్ముడు జైపాల్‌కు,

బాగున్నావా అని అడిగే మనసు లేదు. మొన్న మీ మున్సిపాలిటీ వాళ్లు మా పెరట్లో కోళ్లన్నీ పట్టుకుపోయారు. రుద్రంగి నుంచి తెచ్చిన పెట్ట పదకొండు గుడ్లు పొదుగుతూ ఉండింది. దాన్ని కూడా లేపి తీసుకుపోయారు. గుడ్లు చల్లబడిపోయాయి.

నిన్న ఆఫీసుకు వెళ్లి, "చెప్పకుంట ఎట్ల పట్కపోతరు సారూ?" అని నిలదీశాను.

"పక్కింటోళ్లు వాసనొస్తుందని కంప్లైంట్ ఇచ్చిండ్రు. వారంల ఇనుప తీగల జాలీ గూడు కట్టుకోమని నోటీస్ పంపినం గదమ్మా. మీ తమ్ముడే తెచ్చిచ్చిండు" అంటూ సారు కాగితం చూపించాడు.

కింద నా పేరు, పక్కన వేలిముద్ర! నేను ఏడో తరగతి దాకా చదివాను, తమ్మీ. మహిళా సంఘం పుస్తకంలో నెలనెలా సంతకం చేస్తాను. నీకు తెలియదా? మా గల్లీ దాకా రావడానికి బద్ధకమై నీ వేలితోనే ముద్ర వేశావు. నోటీసు అందితే ఒక్కపూటలో గూడు కట్టేదాన్ని.

నీ ఉద్యోగం గుర్తొచ్చి అక్కడ నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చి ఆ గుడ్లు పారబోస్తుంటే ఎందుకు మూసుకున్నానా అనిపించింది.

సోమవారం మళ్లీ వస్తున్నాను. ఆ ముద్ర ఎవరిదో సారుకు నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నీ ముందే నేను చెబుతాను.

నీ అక్క