కుడికంటి నీళ్లు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఏడు కూడా శెనక్కాయ పైరు ఎండిపోయింది. నీ మాదిరే నాకూ ఎడమకన్ను ఊరికే కారతాంటే, గోరంట్ల బడిలో పెట్టిన కంటి శిబిరానికి పోతి.

"రెప్ప కొసన, ముక్కు పక్కన, సూదిమొనంత రంధ్రం ఉంటుందమ్మా. కన్నీళ్లు దాంట్లోనుంచి సన్న గొట్టం గుండా ముక్కులోకి దిగుతాయి. నీకు ఎడమవైపు గొట్టం పూడిపోయింది, అందుకే బయటికి కారుతున్నాయి" అనింది డాక్టరమ్మ.

"మరి కుడికన్ను?"

"అది బాగుంది. వెక్కివెక్కి ఏడిస్తే తప్ప, కన్నీళ్లు చాలామటుకు ముక్కులోకే పోతాయి."

అమ్మ పోయిన దినం నీ ఎడమకన్ను ఎప్పటి మాదిరే కారింది. కుడికన్ను తడవలేదు. "తల్లి సచ్చినా వీనికి ఏడుపు రాలేదు" అని అందరి ముందర నేనే అంటి. నువ్వు పోయేదాకా మళ్లా నా గడప తొక్కలేదు.

ఆ పొద్దు పాడె పక్కన తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటానే ఉంటివి. జలుబనుకుంటి.