ఇస్త్రీ బల్లకు నాయన పంచె

పెనుకొండ

అమ్మా, ఫోన్లో నీకు మాట సరిగా వినపడదు గనుక కార్డు రాస్తున్నాను. నా చేయి కాలిందని ఎవరో రొద్దంలో నీ దాకా మాట మోశారంట. కాలింది చేయి కాదు, మా అంగట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచిన గుడ్డ. కంగారు పడొద్దు.

కొత్తది నేనే కుట్టాను. పాత చీరలో చిరగని ముక్కలు రెండు జోడించి, లంగాకు ఎక్కించినట్టు అంచు చుట్టూ నాడా ఎక్కించి, బల్ల కింద బిగించి కట్టాను. బాగానే కుదిరింది గానీ అతుకు నడిమధ్యకు వచ్చింది. ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోయే సురేష్ తన అంగీ తెచ్చి చూపించాడు. "ఏందక్కా ఇది, ఇస్త్రీ చేసినావా, వీపున వాత పెట్టినావా?" అన్నాడు. ఒళ్లు మండింది, కానీ అంగీ వీపున అతుకు గీత పడిన మాట నిజమే.

అతుకు లేని గుడ్డ కావాలి. నాయన పోయినాక నువ్వు పెట్టెలో దాచిన పంచె, మనసొప్పితే తమ్ముడి చేత పంపు. ఒప్పకపోతే వద్దు, వేరే చూసుకుంటాను. మోకాళ్లకు నూనె రాస్తున్నావా? చిన్న గొర్రె ఈనిందా? పిల్లలు నీ కాళ్లకు మొక్కుతున్నారు.

నాయన ఆ పంచెను ఒక్కనాడూ ఇస్త్రీకి ఇయ్యలేదు. మడిచి తలకింద పెట్టుకుని పడుకుని, పొద్దున్నే కట్టుకునేవాడు. నువ్వు పంపితే ఇక దానికి రోజూ ఇస్త్రీనే.

నీ కూతురు
అశ్వత్థమ్మ