హాల్లోకి వచ్చిన భోషాణం

బళ్ళారి, 13 ఆగస్టు 1959, గురువారం

అత్తమ్మ ఏళ్ళ తరబడి పైన పరుపు వేసుకుని పడుకుంటున్న భోషాణం పెట్టెను ఈరోజు ముందు హాల్లోకి మార్పించాను. పాలిష్ పట్టాక ముందు పలక మీద చెక్కిన చిలుకలు బయటపడ్డాయి. పత్రికలో చూసినట్టే పైన ఇత్తడి కూజా పెట్టాను.

"వదినా, ఇల్లు మ్యూజియం మాదిరి ఉండాది" అన్నాడు మరిది.

"అయితే నన్ను కూడా ఆ కూజా పక్కన పెట్టప్పా" అంది అత్తమ్మ. అందరం నవ్వాం.

ఆమెకు కొత్త నవారు మంచం వేయించాను. మధ్యాహ్నం చూస్తే, భోషాణం ఉండిన చోట వట్టి నేల మీద కూర్చుని ఉంది. మంచం ఉంది కదా అన్నాను.

"ఇంటి సొత్తు నా వీపు కింద ఉంటేనే నాకు నిద్ర పట్టేది. మంచం కింద ఏముండాది, గాలి తప్ప?"

ఆ పెట్టెలో ఇప్పుడు పాత దుప్పట్లు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వెనక్కి జరిపించాలేమో. కానీ జరిపిస్తే హాలు బోసిపోతుందన్నదే నాకు ముందు తోచింది. ఆమె నిద్ర సంగతి ఆ తర్వాత...