ఏనుగు బొమ్మ అడుగు పొర

బావగారికి,

మీరు చేసిన మేలు ఈ జన్మలో మరిచిపోలేను. మరిచిపోదామన్నా బ్లాక్‌చెయిన్ మరవనివ్వదట కదా!

పిల్లల పుస్తకానికి నేను కంప్యూటర్లో గీసిన ఏనుగు బొమ్మను మురిసిపోతూ ఇంటి గ్రూపులో పెట్టాను. "ఎవడో కొట్టేస్తాడమ్మా! బ్లాక్‌చెయిన్‌లో, అదే ఆ చెరగని ఆన్‌లైన్ చిట్టాలో, నమోదు చేస్తే ఇంకెవడూ వేలు పెట్టలేడు" అని మీరే పూనుకున్నారు. నమోదు చేశారు కూడా, మీ పేరు మీద. బయటి దొంగకు శ్రమ లేకుండా ఇంట్లోనే పని కానిచ్చారు.

ఇప్పుడు పబ్లిషరుగారు "బొమ్మ మీ బావగారిదని ఉందే!" అని పుస్తకం ఆపేశారు. మార్చమని మిమ్మల్ని అడిగితే "ఒకసారి ఎక్కితే చెరగదు, దాని గొప్పతనమే అది" అన్నారు. పోనీ, హక్కు నాకు బదిలీ చేయమంటే "ఇంట్లోవాళ్ల మధ్య నీదీ నాదీ ఏమిటి?" అన్నారు. మీ వెనక నిలబడి అక్క నవ్వుతోంది. ఎందుకని మీరు అడగలేదు.

ముందు ఎవరు ఎక్కించారో బ్లాక్‌చెయిన్ చెబుతుంది గానీ, ఎవరు గీశారో దానికేం తెలుసు? అందుకే పబ్లిషరుగారికి నా అసలు ఫైలే పంపుతున్నాను. నేను ఫోటో మీద పొరలు పొరలుగా గీస్తాను. చెవులు, తొండం, రంగులు ఒక్కొక్క పొరే తీసేస్తూ పోతే, అట్టడుగున అక్క తీసిన ఫోటో ఉంటుంది. అందులో మీరు సోఫాలో వెల్లకిలా పడి, నోరు తెరుచుకుని గురక పెడుతుంటారు.

దిగులు పడకండి. ఆ ఏనుగుతో మీకు సంబంధం లేదని ఇక ఎవరూ అనలేరు.

మీ మరదలు